రెండు చేతుల రక్తం

బషీరున్నీసాకు ప్రశ్న అడగకుండా ఉండడం చేతకాదు. గౌడవెల్లిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కరెంటు బిల్లు కొట్టే మనిషి వస్తే, మీటరు లోపల ఎర్రగా మిణుకుమనేది ఏమిటని అడుగుతుంది. బర్రెకు సూది వేసే పశువుల డాక్టరును ఆ మందు కడుపులోకి పోతుందా, నెత్తుట్లోకి పోతుందా అని నిలదీస్తుంది. కొందరికి ఆమె వస్తుందంటేనే విసుగు. విసుక్కుంటే విసుక్కోనీ, జవాబు తెలిసిన మనిషి చెప్తే వాడి సొమ్మేం పోతుంది? అలాంటి ఆమెను రక్తపరీక్షకు పంపి, నోరు మూసుకొని రమ్మంటే అయ్యే పనేనా?

అసలు ఆమెకు ఒంట్లో ఏ బాధా లేదు. ఎడమ కంట్లో శుక్లం వచ్చింది, అంతే. కంటి డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు గానీ, బీపీ గోలీలు మింగే మనిషి కాబట్టి ముందు రక్తం చూపించుకొని రమ్మన్నాడు. కొడుకు అజర్ మేడ్చల్‌లోని ల్యాబ్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"అమ్మీ, పొద్దుగాల ఖాళీ కడుపుతోని రమ్మంటున్రు. రాత్రి అన్నం తిన్నంక ఇగ ఏం ముట్టకు" అన్నాడు.

ఖాళీ కడుపంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? ఊహ తెలిసినప్పటి నుంచీ ఏటా రంజాన్ నెలంతా రోజా ఉంటున్న మనిషి. రోజా అంటే చుక్క నీళ్లయినా గొంతు దిగకూడదు. ఇదీ అలాంటిదే అనుకుంది. రాత్రి తిన్నాక చెంబు బోర్లించి పడుకుంది. తెల్లవారుజామున లేచి నాలుగు బర్రెల పాలు పిండింది. చెమటకు రవిక తడిసింది, నాలుక పిడచగట్టుకుపోయింది. అయినా నీళ్ల కుండ వైపు కన్నెత్తి చూడలేదు. అజర్ బండి వెనక కూర్చొని, తన నిష్ఠను తానే మెచ్చుకుంటూ మేడ్చల్ చేరింది.

ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి పేరు శృతి. సన్నగా, చలాకీగా ఉంటుంది. బషీరున్నీసా జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో వేలితో తడిమింది. నరం దొరకలేదు. రెండో చేయి చూసింది. అక్కడా అంతే.

"అమ్మా, నీళ్లు తాగలేదా?"

"ఖాళీ కడుపన్నరు గద బిడ్డా. నీళ్లెట్ల తాగుత?"

శృతి నవ్వేసింది. "నీళ్లు తాగొచ్చమ్మా, తాగాలె కూడా. అన్నం, చాయ్, పాలు, పండ్లు ఇవే వద్దనేది. వాటితోని షుగర్, కొవ్వు లెక్కలు మారుతయ్. నీళ్లు తాగకుంటే నరాలు లోపలికి పోయి దాక్కుంటయ్."

తన నిష్ఠ అంతా దండగైందని బషీరున్నీసా మొహం చిన్నబుచ్చుకుంది. శృతి పట్టీని ఇంకాస్త బిగించి, "పిడికిలి మూసి తెరువమ్మా, మూసి తెరువు, నరం పైకొస్తది" అంది. బషీరున్నీసా మూసి తెరిచింది. చాలాసేపు మూసి తెరిచింది. చివరికి ఎలాగో ఒక నరం కరుణించింది. ఊదారంగు మూత సీసా ఎందుకు, పసుపు మూత సీసా ఎందుకు అని ఆమె అడగబోతుంటే వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణిగారు. దూది అదుముకొని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం రిపోర్టు అజర్ ఫోన్‌కు వచ్చింది. అతను పనిచేసే ఫ్యాక్టరీ మేడ్చల్ అవతలే. డ్యూటీ మధ్యలో బండేసుకొని ఇంటికి వచ్చేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. రిపోర్టులో పొటాషియం దగ్గర ఎర్రటి అక్షరాలు ఉన్నాయి. ఐదు దాటకూడని చోట ఆరుంబావు ఉంది. ల్యాబ్ వాళ్లు ఫోన్ చేసి వెంటనే డాక్టరుకు చూపించమన్నారట.

"అది కిడ్నీలదంట అమ్మీ" అన్నాడు.

కిడ్నీ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. బషీరున్నీసా భర్త ఇస్హాక్ కిడ్నీలు చెడిపోయే పోయాడు. చివరి రెండేళ్లూ వారం వారం అతన్ని డయాలిసిస్‌కు తీసుకుపోయి, గంటల తరబడి ఆ మిషను పక్కన కూర్చున్నది అజరే. అందుకే బషీరున్నీసా తన గురించి భయపడడం మానేసి కొడుకును చూసి భయపడింది.

ల్యాబ్‌ను ఆనుకొనే డాక్టర్ ఫణిభూషణ్ క్లినిక్ ఉంది, ఆ సాయంత్రమే అక్కడికి వెళ్లారు. ఆయన వయసు మళ్లినవాడు, నిదానస్తుడు. మొట్టమొదట ఆమె గుండెకు వైర్లు తగిలించి ఈసీజీ తీశాడు. బాగానే ఉంది. రిపోర్టు మొత్తం రెండుసార్లు చదివాడు.

"పొటాషియం అంటే ఒక రకం ఉప్పమ్మా. గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలంటే అది ఉండాలి. మరీ ఎక్కువైతే ఆ గుండెకే ముప్పు. కిడ్నీలు బాగుంటే ఎక్కువైంది బయటికి తోసేస్తాయి."

"మరి నా కిడ్నీలు బాగలేవా సార్?"

"క్రియాటినిన్ అని ఇంకో లెక్క ఉంటుంది. కిడ్నీ చెడితే అది పెరగాలి. నీకు అది బాగానే ఉంది."

"ఒక అంకె బాగున్నయంటాంది, ఇంకో అంకె బాగలేవంటాంది. గీ రెండిట్ల ఏది నమ్మాలె సార్?"

"నాకూ అదే అర్థం కాలేదు" అన్నాడు డాక్టరు. తెలియనిది తెలియదని చెప్పే డాక్టరు దొరకడం అదృష్టమే గానీ, ఆ పూట తల్లీకొడుకులకు ఆ అదృష్టం రుచించలేదు. "బీపీ గోలీల వల్ల కూడా ఇది పెరుగుతుంది. వాటిని మారుస్తున్నా. సీసాలో రక్తం పాడైనా పెరుగుతుంది. రేపు మళ్లీ తీపిద్దాం."

మర్నాడు ఆమె చెంబెడు నీళ్లు తాగి మరీ వెళ్లింది. శృతికి నరం తొందరగానే దొరికింది. అయినా పట్టీ కట్టగానే బషీరున్నీసా పిడికిలి తనంతట తానే మూసి తెరుచుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం రిపోర్టులో మళ్లీ ఎర్ర అక్షరాలే. ఈసారి ఆరు. డాక్టరు కిడ్నీల పెద్ద డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. కంటి ఆపరేషన్ వెనక్కి పోయింది.

ఇంట్లో అజర్ రాజ్యం మొదలైంది. కొబ్బరినీళ్లు బందు. అరటిపండ్లు బందు, టమాట బందు, ఖర్జూరాలు బందు. అంతవరకూ బషీరున్నీసా పళ్ల బిగువున ఓర్చుకుంది. ఆ రాత్రి రొట్టె ముందు కూర్చొని అజర్ అసలు మాట బయటపెట్టాడు.

"బర్రెల్ని అమ్మేస్తున్న. శామీర్‌పేట కుర్మయ్య కాక రేపు సాయంత్రం వస్తడు. పాలు పిండి సూసుకొని తోలుకపోతనన్నడు."

"ఎవర్నడిగి అమ్ముతున్నవ్‌ర?"

"ఎవర్ని అడగాలె? కొట్టం పని నీతోని కాదు ఇగ. రెండుసార్లు తీస్తే రెండుసార్లూ గట్లనే వచ్చింది. ఇంకేం కావాలె నీకు?"

"నా ఒంట్ల నాకేం బాధ లేదు బేటా."

"అబ్బాకు మాత్రం ఉండెనా మొదట్ల?"

ఆమె తుంచిన రొట్టెను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

ఇస్హాక్ పోయినప్పుడు కూడా అందరూ బర్రెల్ని అమ్మేయమన్నారు. ఒంటరి ఆడమనిషివి, ఆ పేడా, ఆ దాణా నీకెందుకన్నారు. ఆమె వినలేదు. ఆ ఏడుపు రోజుల్లో తెల్లవారుజామున ఆమెను లేపి నిలబెట్టింది ఆ నాలుగు నల్ల మూతులే. కొడుకు అన్నం పెట్టలేక కాదు, బర్రెలు పోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో ఆమెకే తెలియదు. కొడుకు మీద కోపం వచ్చింది. వాడి కళ్లలో భయం చూస్తే ఆ కోపం నిలవలేదు. రెంటి మధ్యా నలిగి, ఆ రాత్రి ఆమె కునుకు తీయలేదు.

తెల్లవారి పాలు పిండుతూ రాణి పొట్టకు తల ఆనించి ఆలోచించింది. రాణి అన్నిట్లోకీ పెద్ద బర్రె, కోపిష్టిది. మొదటి ధారలు పలచగా, నీళ్లలా పడుతున్నాయి. చివరికొచ్చేసరికి అదే బర్రె, అదే పొదుగు, వేలికి జిగురంటుకునేంత చిక్కటి పాలు. మొదటి చెంబు ఒక్కటే చూసినవాడు ఈ బర్రె పాలల్లో వెన్న లేదంటాడు. వాడిది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఎప్పుడు తీశావు, ఎట్లా తీశావు అని అడిగితే తప్ప ఆ లెక్క తేలదు.

అక్కడే ఆమె చెయ్యి ఆగింది. పాల సంగతి సరే, మరి తన నెత్తురు ఎట్లా తీస్తున్నారు?

అజర్ డ్యూటీకి పోగానే ఆమె షేర్ ఆటో ఎక్కి మేడ్చల్‌లో దిగింది. తొందరలో చాయ్ కూడా తాగేసింది. ల్యాబ్‌లో పొద్దుటి రద్దీ తగ్గిపోయింది. శృతి సీసాల మీద పేర్లు అతికిస్తోంది.

"బిడ్డా, నాకొక్క పని జేసిపెట్టు. నా నెత్తురు ఎట్ల తీస్తవో మొదటికెళ్లి సూపియ్యి. సూది వద్దు, ఊకె సూపియ్యి."

ఎందుకమ్మా అని శృతి అడిగింది. "ఎందుకో తెలిస్తే నేనే చెప్పేదాన్ని గద" అంది బషీరున్నీసా. శృతికి నవ్వొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఊదారంగు మూత సీసాలో రక్తం గడ్డ కట్టకుండా మందు ఉంటుందని, పసుపు మూత సీసాలో రక్తాన్ని గడ్డ కట్టనిచ్చి పైన తేలిన నీటిని పరీక్షిస్తారని, పొటాషియం చూసేది ఆ నీటిలోనేనని చెప్పింది. వినేవాళ్లు దొరికితే ఆ పిల్లకూ చెప్పాలనే ఉంటుంది మరి. ఆ తర్వాత జబ్బకు పట్టీ కట్టింది.

పట్టీ బిగుసుకోగానే బషీరున్నీసా పిడికిలి పనిలోకి దిగింది. బొటనవేలు లోపలికి మడిచి, పైనుంచి ఒక్కో వేలూ వరసగా నొక్కుతూ, వదిలి, మళ్లీ నొక్కుతూ. మోచేతి కింద కండ తాడు పేనినట్టు లేచి పడుతోంది.

"అబ్బో! చాలమ్మా, చాలు. పాలు పిండుతున్నవా ఏంది?" అంది శృతి.

పక్క గదిలో నుంచి ఏదో అడగడానికి వచ్చిన డాక్టర్ ఫణిభూషణ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మొన్న కూడా ఇట్లాగే చేశావా?"

"పిడికిలి మూసి తెరువమన్నది సార్. నాకు వచ్చిన తీరుగ జేసిన. తప్పా?"

"నిన్న కూడా?"

"నిన్న గూడ."

డాక్టరు స్టూలు లాక్కొని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆయన మొహంలో సంబరం దాచుకున్నా దాగడం లేదు. "పొటాషియం ఎక్కువగా ఉండేది కండల లోపలమ్మా. కండ గట్టిగా పనిచేస్తే అందులోంచి కొంత రక్తంలోకి వస్తుంది. మామూలుగా అయితే ఆ రక్తం వెంటనే ఒళ్లంతా తిరిగి కలిసిపోతుంది, ఏమీ తెలియదు. కానీ పైన పట్టీ కట్టి ఉంది. పోవడానికి దారి లేదు. నువ్వేమో ఇక్కడ బర్రె పాలు పిండినట్టు పిండుతున్నావు."

బషీరున్నీసా తన మోచేతిని కొత్త వస్తువును చూసినట్టు చూసుకుంది. "అంటే మీరు పట్టుకున్నది నా చెయ్యి లెక్క. నా ఒంటి లెక్క కాదు."

"అయి ఉండొచ్చు" అన్నాడు డాక్టరు. "చదువుకున్న రోజుల్లో విన్నదే, ఎదురుగా చూడడం ఇదే మొదలు. కానీ అనుకుంటే చాలదు, చూడాలి. ఇంకోసారి తీద్దాం, ఈసారి చెయ్యి కదపకుండా."

"ఒక్కసారి కాదు సార్, రెండు తీరుల తియ్యున్రి" అంది ఆమె. "ఒక చేతిని ఊకెనే ఉంచుత. ఇంకో చేతితోని పిండుత. అప్పుడు గదా తెలిసేది. లేకుంటే మా అజర్ నమ్మడు. ఇయాల సాయంత్రం బర్రెల్ని తోలుకపోతరు."

డాక్టరు నవ్వు ఆపి ఆమె మొహంలోకి చూశాడు. బర్రెల సంగతి అంతా అడిగి తెలుసుకున్నాడు. తర్వాత శృతి వైపు తిరిగి, "ముందు ఎడమ చెయ్యి. పట్టీ వదులుగా కట్టి, నరం దొరకగానే వదిలెయ్. తర్వాత కుడి చెయ్యి, మొన్నటిలాగే. సీసాల మీద ఏది ఏ చేతిదో రాయడం మరిచిపోకు" అన్నాడు.

"చాయ్ తాగొచ్చిన సార్. ఏం కాదా?" అని బషీరున్నీసా దిగులుపడింది.

"షుగర్‌కైతే వద్దనేవాణ్ణి. దీనికేం ఫరవాలేదు."

ఎడమ చెయ్యి ఒళ్లో చచ్చిన చేపలా పడి ఉంది. దాన్ని అలా ఊరికే ఉంచడానికి ఆమె పడ్డ అవస్థ చూసి శృతి పెదవి కొరుక్కుంది. కుడి చెయ్యి వంతు వచ్చాక మాత్రం నాలుగు బర్రెల పాలూ ఆ గదిలోనే పిండేసింది.

సాయంత్రం కుర్మయ్య చెప్పిన వేళకే వచ్చాడు. ట్రాలీని బయట రోడ్డు మీద పెట్టించి, కొట్టంలోకి వచ్చి బర్రెల పళ్లు చూశాడు, కొమ్ములు చూశాడు. పాలు కళ్లారా చూడందే కొనడం అతనికి అలవాటు లేదు. రాణి కింద గొంతుకూర్చొని పొదుగు నిమిరాడు. రాణి పాలు చేపలేదు. కొత్త చెయ్యి తగిలేసరికి పాలను పొదుగులోనే బిగబట్టి, తోకతో అతని చెంప మీద ఒక్కటిచ్చింది.

"దీని తల్లి! పాలిస్తదా లేదా ఇది?" అన్నాడు కుర్మయ్య చెంప తడుముకుంటూ.

"అమ్మీ, నువ్వొక్కసారి కూసో" అన్నాడు అజర్ ఆమె మొహం చూడకుండా. "నీ చేతికైతే చేపుతది."

"కూసోను" అంది బషీరున్నీసా. గోడకు ఆనుకొని నిలబడింది. తన బర్రెను తన చేత్తోనే పిండి అమ్మకానికి పెట్టాలా? ల్యాబ్‌లో రాసుకున్నది అజర్ నంబరే కాబట్టి రిపోర్టు వాడి ఫోన్‌కే రావాలి. చూపు వాడి చొక్కా జేబు మీద నుంచి కదల్లేదు.

కుర్మయ్య రెండో బర్రె కింద కూర్చుంటుండగా ఆ జేబులో ఫోన్ మోగింది. అజర్ తీసి చూసి నొసలు ముడిచాడు.

"ల్యాబోళ్ల మెసేజ్. రెండు రిపోర్టులు వచ్చినయ్ నీ పేరు మీద. ఏందమ్మీ ఇది?"

"ఒకటి కుడి చెయ్యి. ఒకటి ఎడమ చెయ్యి. సదువు."

"కుడి చెయ్యి... ఆరు." అతని మొహం నల్లబడింది. వేలితో కిందికి జరిపాడు. "ఎడమ చెయ్యి నాలుగు పాయింట్ మూడు." మళ్లీ పైకి జరిపాడు, మళ్లీ కిందికి. "ఒక్క మనిషికి రెండు లెక్కలెట్ల వస్తయ్?"

ఆమె చెప్పింది. పట్టీ, పిడికిలి, కండ, అన్నీ డాక్టరు చెప్పినట్టే, పిడికిలి మూసి తెరిచి చూపిస్తూ చెప్పింది. ఎడమ చేతిది ఊకెనే ఉంచిన లెక్క, అదే ఒంటి లెక్క అంది. అజర్ అంతా విన్నాడు. విని, తడబడుతూ అడిగాడు.

"మొన్న రెండు సార్లు తప్పైతే, ఇది మాత్రం నిజమని ఎట్ల నమ్మాలె?"

"నన్ను నమ్మకు. డాక్టర్‌కు ఫోన్ జెయ్యి."

అజర్ చేశాడు. ఫోన్ చెవికి అదుముకొని కొట్టం బయటికి నడిచాడు, లోపలికి వచ్చాడు. కంటి ఆపరేషన్ చేయించుకోవచ్చనీ, కిడ్నీల డాక్టరు దగ్గరికి పోవలసిన పని లేదనీ, రక్తం తీసేటప్పుడు చెయ్యి కదపొద్దని ప్రతిచోటా చెప్పమనీ డాక్టరు చెప్పిన మాటలు ఆమెకూ వినిపించాయి. ఫోన్ పెట్టేశాక అజర్ కుర్మయ్య వైపు తిరిగాడు.

"మాఫ్ జెయ్యి కాకా. బర్రెలు అమ్మం."

"గిదేం లొల్లిరా! ట్రాలీ మాట్లాడుకొని వస్తి, దీనితోని తోక దెబ్బ తింటి, గిప్పుడు అమ్మనంటవా?" కుర్మయ్య కాసేపు అరిచాడు. అరిచే హక్కు అతనికి ఉంది కాబట్టి ఇద్దరూ నోరెత్తకుండా విన్నారు. వెళ్తూ వెళ్తూ మాత్రం బషీరున్నీసా దగ్గర ఆగి, "పానం మంచిగున్నదంటున్రు గద అక్కా, గదే సాలు" అని వెళ్లిపోయాడు.

బషీరున్నీసా బకెట్ తీసుకొని రాణి కింద కూర్చుంది. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే పిండింది. బకెట్‌లో నురగ లేచే దాకా అజర్ అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి పోలేదు.

"గంత జల్దీ ఎందుకు జేసినవ్‌ర?" అందామె, కోపం లేకుండా. "పెద్ద డాక్టర్‌కు సూపిచ్చే దాక గూడ ఆగకపోతివి."

అజర్ తడి నేల మీదే కూలబడ్డాడు.

"అబ్బాది నెత్తుట్ల వచ్చే జబ్బంట అమ్మీ. తండ్రికుంటే పిల్లలకు గూడ రావొచ్చని, నన్ను సూపిచ్చుకోమని అప్పుడే చెప్పిండ్రు. నేను సూపిచ్చుకోలే. నీతోని చెప్పలే." అతను మోకాళ్లలో మొహం దాచుకున్నాడు. "నీ రిపోర్ట్‌ల ఆ లాల్ అక్షరాలు సూసినప్పుడు, నాది సూసినట్టే అయింది. ఏదో ఒకటి జెయ్యాలె, జెయ్యకుంటే పిచ్చి లేస్తదనిపించింది."

మూడేళ్లుగా నిఖా మాట ఎత్తినప్పుడల్లా వాడు అన్నం ముందు నుంచి కూడా లేచి ఎందుకు పోతున్నాడో బషీరున్నీసాకు ఆ క్షణాన అర్థమైంది. బకెట్ పక్కకు జరిపింది. కొంగుతో చేతులు తుడుచుకొని వచ్చి, ఆ తడిలోనే కొడుకు పక్కన కూర్చుంది.

"భయమైతాంది అమ్మీ."

"నాకు గూడ అయితాంది బేటా" అంది ఆమె. "రేపు పోదాం. నేనొస్త నీతోని."